గడప దాకా వెళ్లిన వైద్యం

ఉత్తరాంధ్రలో కుష్టు తగ్గుముఖం పట్టిన కథను మనం సాధారణంగా ఒక మందు కథగా చెప్పుకుంటాం. 1980ల మొదట్లో బహుళ ఔషధ చికిత్స వచ్చింది, మూడు మందులు కలిపి ఇచ్చారు, పెద్దరోగం పోయింది అంటాం. 1983లో జాతీయ కుష్టు నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు, మహారాష్ట్రలోని వార్ధా, బెంగాల్‌లోని పురూలియాల వెంట, స్వీడన్ ప్రభుత్వ సహాయ సంస్థ చేయూతతో ఈ చికిత్స అందుకున్న తొలి జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. దేశంలో ఆ జబ్బు అత్యధికంగా పీడించిన ప్రాంతాల్లో ఇవి కూడా ఉండటమే అందుకు కారణం. మందు గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ రెండు జిల్లాల వందేళ్ల చరిత్రను వరసగా చూస్తే, ఫలితాన్ని నిర్ణయించింది మందు ఒక్కటే కాదని తెలుస్తుంది. ఆ మందును రోగి గడప దాకా మోసుకెళ్లి, మింగే దాకా నిలబడి, మానేస్తే మళ్లీ వచ్చి తలుపు తట్టిన మనిషి ఉన్నాడా లేడా అన్నదే ప్రతి దశలోనూ అసలు ప్రశ్న అయింది. అలాంటి మనిషి ఉన్న కాలంలో జబ్బు వెనక్కి తగ్గింది, లేని కాలంలో చాటున మిగిలిపోయింది. ఆ మనిషిని మనం ఇరవై ఏళ్ల క్రితం అవసరం తీరిపోయిందనుకుని పక్కన పెట్టాం. అది పొరపాటని ఈ వ్యాసం వాదన.

బెంగాల్ పడమటి జిల్లాల నుంచి ఒడిశా తీరం మీదుగా గంజాం, శ్రీకాకుళం, విజయనగరం దాటి తమిళ దేశం దాకా సాగే తూర్పు తీరపు పట్టీలో కుష్టు తరతరాలుగా పాతుకుపోయింది. వరి పండే పల్లపు నేలలు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు, ఒకే గదిలో నిద్రపోయే పెద్ద కుటుంబాలు ఉన్న ప్రాంతం ఇది. ఈ జబ్బు ముట్టుకున్నంత మాత్రాన అంటుకోదు. మందు తీసుకోని రోగితో ఏళ్ల తరబడి దగ్గరగా మెలిగినప్పుడు, అది కూడా కొందరికే, అంటుకుంటుంది. సోకినవారిలో లక్షణాలు కనబడటానికి రెండేళ్లు పట్టవచ్చు, ఇరవై ఏళ్లూ పట్టవచ్చు. కనుక ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టదు. పూర్వజన్మ పాపం అనే మాట ఇక్కడ అంత బలంగా నిలవడానికి ఈ సుదీర్ఘమైన నిశ్శబ్ద కాలం కూడా ఒక కారణమై ఉంటుంది. నార్వేలో హాన్సెన్ 1873లోనే ఈ జబ్బుకు క్రిమి కారణమని చూపించినా, ఆ సంగతి మన పల్లెలకు చేరడానికి తరాలు పట్టింది.

బ్రిటిష్ ప్రభుత్వం ఈ రోగులను లెక్కపెట్టింది. వలస పాలనలోని జనాభా లెక్కల్లో పిచ్చివారు, చెవిటి మూగవారు, గుడ్డివారు, కుష్టు రోగులు అని నాలుగు వైకల్యాల పట్టిక ఉండేది, 1931 దాకా అది సాగింది. ఆ పట్టికల్లో ఆడవాళ్లు మగవాళ్ల కన్నా బాగా తక్కువగా కనబడతారు. జబ్బు మగవాళ్లలో కొంత ఎక్కువన్నది నిజమే అయినా, తేడా మొత్తానికి అదే కారణం కాదు. గణకుడు వాకిట్లో నిలబడి అడిగితే పెళ్లి కావలసిన ఆడపిల్లకు మచ్చ ఉందని ఏ ఇంటి పెద్ద చెబుతాడు? చేతివేళ్లు అరిగిపోయి దాచలేని స్థితికి వచ్చినవారే ఆ పట్టికలోకి ఎక్కారు. 1898 నాటి కుష్టు రోగుల చట్టం దృష్టి కూడా అలాంటివారి మీదే పడింది. వీధుల్లో బిచ్చమెత్తే రోగులను పట్టి ఆశ్రమాలకు పంపే అధికారాన్ని అది ఇచ్చింది. రోగం కన్నా రోగి కనబడటం ఆ చట్టానికి సమస్య. ఇల్లూ వాకిలీ ఉన్న రోగి జోలికి అది పోలేదు, అతని ఇంట్లోని పిల్లలను కాపాడే పనీ చేయలేదు. ఆ చట్టం మన పుస్తకాల నుంచి తొలగిపోయింది 2016లో.

ఆశ్రమాల కాలాన్ని అర్థం చేసుకోవాలంటే సాలూరు వైపు చూడాలి. ఉత్తర జర్మనీలోని బ్రెక్లం ఊరి నుంచి లూథరన్ మిషనరీలు 1880ల్లో జయపురం ఏజెన్సీకి, దాని దిగువన ఉన్న సాలూరుకు వచ్చారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో సాలూరులో ఫిలడెల్ఫియా పేరుతో కుష్టు రోగుల ఆశ్రమం వెలిసింది. కొండ మీది జనానికీ మైదానపు జనానికీ మధ్య సాలూరు సంత దారి కావడంతో అక్కడికి రెండు వైపుల నుంచీ రోగులు వచ్చేవారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు జర్మన్ మిషనరీలను బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశీయులుగా నిర్బంధించి దేశం దాటించింది. ఐరోపా యుద్ధం సాలూరు రోగి పుండు కట్టే చేతిని కూడా లాగేసిందన్నమాట. అయినా ఆ సంస్థ నిలిచింది, తర్వాత లెప్రసీ మిషన్ అనే క్రైస్తవ సేవా సంస్థతో ముడిపడి ఆసుపత్రిగా ఎదిగింది. ఊరు వెలివేసిన మనిషికి అన్నం, గుడ్డ, పుండుకు కట్టు, చచ్చిపోతే మర్యాదగా ఖననం దొరికిన చోటు అది. మత ప్రచారం కూడా అందులో ఉంది కదా అని ఆ సేవను కొట్టిపారేసేవారున్నారు. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు, కానీ ఆ రోజుల్లో ఆ పుండ్లు కడగడానికి ఇంకెవరూ ముందుకు రాలేదన్నదీ నిజమే. నా అభ్యంతరం వేరు. ఆశ్రమం ఎంత దయగలదైనా రోగి తన దగ్గరికి వచ్చే దాకా ఎదురు చూసేది. వచ్చేసరికి నరాలు చచ్చి, వేళ్లు వంగి, పాదం వాలిపోయి ఉండేది. ఆ లోపల ఇంట్లో మరొకరికి అంటి ఉండేది. ఆశ్రమం జబ్బు చివరి అంకాన్ని ఓదార్చింది, మొదటి అంకాన్ని తాకలేకపోయింది.

1920ల్లో ఈ లోపాన్ని గుర్తించినవారు లేకపోలేదు. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో పనిచేసిన ఎర్నెస్ట్ మ్యూర్ ప్రచారం, చికిత్స, సర్వే అనే మూడింటినీ కలిపి ఊళ్లలోకి పోవాలన్నాడు. 1925లో ఏర్పడిన బ్రిటిష్ సామ్రాజ్య కుష్టు నివారణ సంఘం భారత శాఖ ఆ పద్ధతిని తలకెత్తుకుంది. మద్రాసు రాజధానిలో చాలా చోట్ల వారానికోసారి కుష్టు క్లినిక్కులు నడిచాయి. అప్పటి మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. దాన్ని ఇంజెక్షన్‌గా వారం వారం, ఏళ్ల తరబడి పొడవాలి. నొప్పి ఎక్కువ, గుణం అంతంతమాత్రం. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని మనిషి, వారానికో రోజు పని మానుకుని, మైళ్లు నడిచి, అందరూ చూసే చోట వరసలో నిలబడి ఆ సూది పొడిపించుకోవాలి. చాలామంది మధ్యలోనే మానేశారు. రోగి నిర్లక్ష్యమని దాన్ని రాసేసుకోవడం సులువు. ఒక రోజు కూలి విలువ తెలిసినవారు అలా రాయరు.

అసలు మలుపు 1950ల్లో వచ్చింది. సేవాగ్రామ్‌లో పర్చురే శాస్త్రి అనే కుష్టు రోగి ఒంటిని గాంధీ స్వయంగా కడిగి మర్దనా చేసిన సంగతి చాలామందికి తెలుసు. నిర్మాణ కార్యక్రమంలో కుష్టు రోగుల సేవను ఆయన ఒక అంశంగా చేర్చాడు. ఆయన పోయాక గాంధీ స్మారక నిధి నుంచి 1951లో గాంధీ స్మారక కుష్టు సంస్థ వార్ధాలో ఏర్పడింది. డాక్టర్ ఆర్.వి. వార్దేకర్ నాయకత్వంలో అది పెట్టుకున్న పని పద్ధతి సర్వే, అవగాహన, చికిత్స. వాటి ఇంగ్లీషు పొడి అక్షరాలతో అది 'సెట్' పద్ధతిగా ప్రసిద్ధి పొందింది. దేశంలో కొన్ని చోట్ల ఆ సంస్థ కేంద్రాలు పెట్టింది. వాటిలో ఒకటి బలిజిపేట దగ్గరి చిలకలపల్లి. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 1979 తర్వాత విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఒక చిన్న పల్లె పేరు దేశపు కుష్టు నియంత్రణ చరిత్రలో నిలిచిపోయిందని మన జిల్లాలవాళ్లలోనే ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. 1955లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ కుష్టు నియంత్రణ కార్యక్రమం ఈ పద్ధతినే తన పునాదిగా తీసుకుంది.

'సెట్' అంటే కాగితం మీద మూడు మాటలు. నేల మీద అది చాలా కష్టమైన పని, అందుకే దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. పనివాడు ఊరి పటం గీయాలి, ఇంటికి నంబరు వేయాలి, ఇంటిలోని ప్రతి మనిషి పేరూ రాసుకోవాలి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ వెలుతురులో నిలబెట్టి ఒళ్లంతా చూడాలి. కుష్టు మచ్చ దురద పెట్టదు, నొప్పి పెట్టదు. చర్మం మీద కాస్త వెలిసినట్టుగానో రాగి రంగులోనో ఉంటుంది, చాలాసార్లు వీపు మీదో పిరుదు మీదో ఉండి రోగికే కనబడదు. దూది కొసతోనో పెన్ను కొసతోనో తాకి, కళ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో వేలితో చూపమనాలి. మోచేతి వెనక నరాన్ని తడిమి ఉబ్బిందేమో చూడాలి. పొలం పనికి పోయే జనం ఇంట్లో దొరికేది తెల్లవారుజామునో పొద్దుగూకాకో. ఉడుపుల రోజుల్లో, కోతల రోజుల్లో ఊరు ఖాళీగా ఉంటుంది. ఆడవాళ్ల ఒంటిని మగ ఉద్యోగి చూడటం కుదిరే పని కాదు. చూసినంత మేర చూసి మిగతాది వదిలేస్తే, ఆ వదిలేసిన చోటే మచ్చ ఉంటుంది. ఇక మచ్చ దొరికాక అసలు కష్టం మొదలవుతుంది. ఆ ఇంటికి మళ్లీ వెళ్లడం చూస్తే ఊరికి తెలిసిపోతుంది. కాబట్టి మంచి పనివాడు ఆ వీధిలో నాలుగు ఇళ్లకు వెళ్లి, ఆ తర్వాతే రోగి ఇంటికి వెళ్లాలి. ఈ ఓర్పును ఏ పరీక్షశాలలోనూ తయారు చేయలేం. ఏళ్ల తరబడి ఒకే ఊళ్ల గుంపులో తిరిగిన మనిషికే అది పట్టుబడుతుంది.

అప్పటికి డాప్సోన్ చేతికి వచ్చింది. చవక బిళ్ల, ఇంట్లోనే మింగొచ్చు. ఆశ్రమం గోడలు అవసరం లేని వైద్యం దానితోనే సాధ్యమైంది. కానీ జబ్బు ముదిరిన రోగి దాన్ని ఏళ్ల తరబడి, చాలాసార్లు జీవితాంతం, మింగాల్సి వచ్చేది. ఒంటికి నొప్పి లేని జబ్బుకు పదేళ్లు బిళ్ల మింగమంటే ఎవరు మింగుతారు? పైగా ఇది వలసల నేల. ఒకప్పుడు కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్ ఓడలెక్కిన జనం, తర్వాతి తరాల్లో విజయవాడ, హైదరాబాదు, చెన్నై కట్టడాల పనికి రైలెక్కారు. బిళ్లల పొట్లం ఊళ్లో ఉండేది, మనిషి ఊళ్లో ఉండేవాడు కాదు. అరకొరగా మింగిన చోట క్రిమి మందును తట్టుకోవడం నేర్చుకుంది. డాప్సోన్‌కు లొంగని కుష్టును 1964లో మలేసియాలో నిరూపించారు, ఆ తర్వాత అలాంటి రోగులు చాలా దేశాల్లో బయటపడ్డారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వాలని చెప్పడానికి దారితీసింది ఈ వైఫల్యమే. ఆ ఏడాది మన దేశంలో ప్రతి పది వేల మందిలో 57.6 మంది చికిత్స జాబితాలో ఉన్నారు.

1983 తర్వాత ఈ జిల్లాల్లో జరిగినది చూస్తే మందూ మనిషీ ఎలా జతకట్టాయో తెలుస్తుంది. వెయ్యికి అయిదుగురికి మించి రోగులున్న జిల్లాలకు ప్రత్యేక సిబ్బందిని ఇచ్చారు. నాలుగైదు లక్షల జనాభాకు ఒక కుష్టు నియంత్రణ యూనిట్, అందులో వైద్యాధికారి, పర్యవేక్షకులు, దాదాపు పాతిక వేల జనాభాకు ఒక పారామెడికల్ వర్కర్. రిఫాంపిసిన్ నెలకోసారి ఉద్యోగి కళ్ల ముందు మింగాలి, మిగతావి రోజూ ఇంట్లో. తక్కువ క్రిములున్నవారికి ఆరు నెలలు, ఎక్కువున్నవారికి అప్పట్లో కనీసం రెండేళ్లు, 1998 నుంచి ఏడాది. క్లోఫాజిమిన్ ఒంటి రంగును నల్లబరుస్తుంది, రిఫాంపిసిన్ మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. ఈ రెండూ ముందే చెప్పకపోతే రోగి భయపడి మానేస్తాడు. చికిత్స మధ్యలో కొందరికి నరాలు వాచి, జ్వరం వచ్చి, ఒళ్లంతా గడ్డలు లేస్తాయి. మందు వికటించిందని రోగి అనుకునే ఆ సమయంలోనే స్టిరాయిడ్ పడకపోతే చెయ్యి శాశ్వతంగా వంగిపోవచ్చు. ఇవన్నీ చూసుకున్నది జీపులోనూ సైకిల్ మీదా తిరిగిన ఆ పారామెడికల్ ఉద్యోగే. చిలకలపల్లిలాంటి చోట్ల ముప్పై ఏళ్లుగా పేరుకున్న పని అలవాటు, సాలూరు ఆసుపత్రి, విజయనగరంలో లెప్రసీ మిషన్ నడిపిన వృత్తి శిక్షణ కేంద్రం ఆ పనికి దన్నుగా నిలిచాయి. ఒకప్పుడు ఈ ప్రాంతపు బస్టాండ్లలో, గుడి మెట్ల మీద కనబడిన చేతులూ ముఖాలూ ఇప్పటి యువతరం దాదాపు చూసి ఉండదు. ఆ మార్పు నిజమైనది, గొప్పది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మూడు మందులూ రాకముందు ముప్పై ఏళ్లు ఇదే ఇంటింటి తిరుగుడు ఉంది కదా, అయినా జబ్బు తగ్గలేదు, మరి ఘనత మందుది కాదా అని. సగం నిజం. మందు లేని మనిషి ఓదార్పు మాత్రమే ఇవ్వగలడు. కానీ మనిషి లేని మందు ఏమవుతుందో చూడటానికి ఈ జిల్లాల్లోనే మరో జబ్బు ఉంది, బోదకాలు. దాన్ని తెచ్చే పురుగు పిల్లలను చంపే డీఈసీ మందును కనిపెట్టిన బృందానికి అమెరికాలో లెడర్లీ సంస్థలో నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ పని ప్రకటితమైంది 1947లో. చవక మందు, తెలుగువాడి మందు, బోదకాలు దట్టంగా ఉన్నది తెలుగు తీరంలో. అయినా 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా కార్యక్రమం చాలాకాలం పట్టణాల్లో దోమ పిల్లలను చంపడం మీద, రాత్రి పూట రక్తం తీసి పరీక్షించి దొరికినవారికి మందు ఇవ్వడం మీద నడిచింది. పురుగు పిల్లలు రక్తంలో తిరిగేది అర్ధరాత్రి వేళ కనుక ఆ పరీక్ష అందరికీ చేయడం సాధ్యమయ్యేది కాదు. పల్లెలో ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి మందు మింగించే కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలైంది 2004లో. మందు పుట్టిన యాభై ఏడేళ్లకు! ఆ తర్వాత కూడా, పంచిన బిళ్లలకూ మింగిన బిళ్లలకూ మధ్య తేడా ఆ కార్యక్రమాన్ని వెంటాడింది. ఒంట్లో పురుగు పిల్లలు చస్తున్నప్పుడు జ్వరం, తల తిప్పుడు వస్తాయి. అది మందు పనిచేస్తున్న గుర్తని పక్కన నిలబడి చెప్పేవారు లేకపోతే మరుసటి ఏడాది ఆ వీధంతా బిళ్లను చూరులో దోపుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణగా చర్మం మీద పుండ్లు లేపే యాస్ జబ్బు కనబడుతుంది. సాలూరు ఘాట్ ఎక్కితే వచ్చే కోరాపుట్ జిల్లాలోనే 1996-97లో దాని నిర్మూలన మొదలైంది. 2003 తర్వాత దేశంలో కొత్త రోగి కనబడలేదు, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని ఆ జబ్బు లేనిదిగా గుర్తించింది. ఒక్క పెన్సిలిన్ సూదితో పోయే జబ్బు కదా, అక్కడ గెలిపించింది మందే అనవచ్చు. కానీ పెన్సిలిన్ 1940ల నుంచీ ఉంది. 1996 తర్వాత ఫలితం తెచ్చింది గిరిజన గూడేలకు నడిచి వెళ్లి ప్రతి ఒంటినీ చూసి, రోగికీ అతనితో మెలిగినవారికీ సూది వేసిన సిబ్బందే.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. నార్వేలో ఏ మందూ లేని రోజుల్లోనే కుష్టు మాయమైంది. ఇల్లు విశాలమై, తిండి మెరుగై, చదువు పెరిగితే ఈ జబ్బు దానంతటదే పోతుంది, కాబట్టి పేదరికం మీద పోరాడండి, మచ్చల వేట ఎందుకు అంటారు. పేదరికమే దీనికి నేల అన్నమాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునే ఇల్లు ఉన్నంత కాలం ఈ క్రిమికి ఆశ్రయం ఉంటుంది. అయితే నార్వే ఉదాహరణ ఆ వాదనకు అనుకున్నంత సాయం చేయదు. ఆ దేశం 1856లోనే జాతీయ కుష్టు రోగుల జాబితా పెట్టింది, జిల్లా వైద్యులు పేరుపేరునా రోగులను గుర్తించి ఏటా వివరాలు రాశారు. వెతికే మనిషి అక్కడా ఉన్నాడు. పైగా సంపద పెరిగే దాకా ఆగడానికి నరాలకు ఓపిక ఉండదు. మోచేతి నరం చచ్చిన కూలికి కొడవలి గీసుకున్నా తెలియదు, పొయ్యి మీది గిన్నె కాలినా తెలియదు. పని పోతుంది, పేదరికం మరింత బిగుస్తుంది. పేదరికం జబ్బును పెంచితే జబ్బు పేదరికాన్ని పెంచుతుంది. మచ్చ దశలో పట్టుకుంటే ఆ ముడి అక్కడే తెగుతుంది.

మూడో అభ్యంతరం ప్రత్యేక సిబ్బందిని ఎత్తేసినవారిది. కుష్టు జీపు ఇంటి ముందు ఆగితేనే ఆ ఇంటికి మచ్చ పడుతుంది, ఒక్క జబ్బుకు ఇంత యంత్రాంగం ఖర్చు, మిగతా జబ్బులతో పాటు పీహెచ్‌సీలోనే చూస్తే రోగికి గౌరవం అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కుష్టును మామూలు జబ్బుల వరసలో నిలబెట్టడం మంచి ఆశయం. అయితే ఏం జరిగింది? 2000 తర్వాత కార్యక్రమాన్ని సాధారణ ఆరోగ్య వ్యవస్థలో కలిపారు. ఆంధ్రప్రదేశ్‌లో పారామెడికల్ సిబ్బంది డిప్యూటీ పారామెడికల్ ఆఫీసర్లు (డీపీఎంఓలు)గా మిగిలి, రకరకాల ఇతర పనుల్లో పంచబడ్డారు. ఇంటింటి వెతుకులాట పోయి, రోగి తనంతట తాను వస్తే చూసే పద్ధతి వచ్చింది. 2005 డిసెంబరులో పది వేలకు ఒకరి కన్నా తక్కువ అన్న లక్ష్యాన్ని దేశం చేరిందని ప్రకటించారు. ఆ లెక్కను కాస్త నిదానంగా చూడాలి. అది కొత్తగా జబ్బు పడినవారి లెక్క కాదు, ఆ రోజున చికిత్స జాబితాలో ఉన్నవారి లెక్క. చికిత్స కాలం జీవితాంతం నుంచి రెండేళ్లకు, రెండేళ్ల నుంచి ఏడాదికి తగ్గితే, కొత్త రోగుల సంఖ్య మారకపోయినా ఆ జాబితా చిన్నదవుతుంది. కొత్త రోగుల సంగతి చూస్తే దేశంలో 2004లో దాదాపు 2 లక్షల 60 వేల మంది నమోదయ్యారు, 2006లో లక్షా 40 వేల లోపే. సోకి బయటపడటానికి ఏళ్లు పట్టే జబ్బు రెండేళ్లలో సగానికి సగం పడిపోవడం ప్రకృతిలో జరగదు. చూడటం తగ్గితేనే అలా జరుగుతుంది. ఆ తర్వాత, కొవిడ్ కాలాన్ని మినహాయిస్తే, ఏటా లక్షకు పైగా కొత్త రోగులు దాదాపు స్థిరంగా కనబడుతూనే ఉన్నారు, ఆ ఏళ్లలో ఎక్కువగా ప్రపంచం మొత్తంలోని కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్లే. 2016లో కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన 149 జిల్లాల్లో మళ్లీ ఇంటింటికీ తిరిగి చూస్తే, కొద్ది రోజుల్లోనే ముప్పై వేలకు పైగా రోగులు దొరికారు. వాళ్లు ఆ వారంలో పుట్టుకొచ్చిన రోగులు కారు, ఎవరూ చూడక మిగిలిపోయినవారు.

ఉత్తరాంధ్రకు ఈ లెక్కల అర్థం ఏమిటి? 1980ల నాటి ఉద్ధృతి ఇప్పుడు లేదు, ఆ స్థాయి సిబ్బంది కావాలని నేను అనడం లేదు. కానీ ఈ పట్టీలో క్రిమి పూర్తిగా పోయిందనుకోవడానికి ఆధారం లేదు. వలస ఇంకా సాగుతోంది, చికిత్స మధ్యలో ఊరు విడిచేవారు ఇంకా ఉన్నారు. రోగితో దగ్గరగా మెలిగినవారికి ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తే తర్వాతి రెండేళ్లలో జబ్బు సోకే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని బంగ్లాదేశ్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2008లో చూపింది. మన దేశమూ ఆ పద్ధతిని స్వీకరించింది. ఆ ఒక్క మోతాదు ఇవ్వాలన్నా ముందు రోగి దొరకాలి, తర్వాత ఆ ఇంటి గడప తొక్కాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఈ పని చేయగలరు. ఆడవాళ్లు కావడం వల్ల ఒకప్పటి మగ ఉద్యోగి చేయలేనిది వాళ్లు చేయగలరు కూడా. కానీ వాళ్ల చేతిలో ఇప్పటికే డజన్ల కొద్దీ రిజిస్టర్లు, యాప్‌లు ఉన్నాయి. మచ్చ మీద దూది పెట్టి చూసే నైపుణ్యం ఒక పూట శిక్షణతో రాదు, అనుభవమున్న డీపీఎంఓ పక్కన తిరిగితేనే వస్తుంది. ఆ పాత తరం ఉద్యోగ విరమణ చేస్తోంది, వాళ్లతో పాటు ఆ చేతి విద్యా పోతోంది.

జబ్బు నయమైనా వంగిన వేళ్లతో, స్పర్శ లేని పాదాలతో మిగిలినవారి సంగతి వేరే చెప్పాలి. వారికి మెత్తని రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులు, పుండ్ల సంరక్షణ, వేళ్లను సరిచేసే శస్త్రచికిత్స బతికినంత కాలం అవసరం. బోదకాలు ముదిరినవారికి రోజూ కాలు కడిగి ఆరబెట్టుకునే పద్ధతి నేర్పేవారు కావాలి. ప్రభుత్వం ఇద్దరికీ పింఛను ఇస్తోంది, అది మంచిదే. చట్టం కూడా ఆలస్యంగానైనా మారుతోంది. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను పార్లమెంటు 2019లో తొలగించింది. అయితే ఏ చట్టమూ ఏ పింఛనూ చచ్చిన నరాన్ని బతికించలేదు. మచ్చ దశలో దొరికిన మనిషికి ఇవేవీ అవసరం పడవు.

కాబట్టి అడగవలసింది పెద్దదేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో, గత పదేళ్లలో ఒక్క రోగి అయినా నమోదైన ప్రతి ఊరిలోనూ ఏటా ఒకసారి ఇంటింటి పరీక్ష జరగాలి. పంట పనులు లేని రోజుల్లో, వలస వెళ్లినవారు పండక్కి ఊరు చేరే సంక్రాంతి వారంలో దాన్ని పెట్టాలి. డీపీఎంఓలను వేరే పనులకు లాగకూడదు, విరమణ చేసేవారి చోట కొత్తవారిని తీసుకోవాలి. ఆ ఊళ్లవారికి ఒక మాట: ఒంటి మీద దురద లేని, నొప్పి లేని, తాకితే తెలియని మచ్చ ఉంటే పీహెచ్‌సీలో చూపించండి. వీపు మీద ఉందేమో ఇంట్లోవాళ్లను చూడమనండి. మందు ఉచితం. మచ్చలు అయిదుకు మించకుండా, చెడిన నరం ఒకటికి మించకపోతే ఆరు నెలలు, లేకపోతే ఏడాది. మొదటి మోతాదు పడిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి మరొకరికి అంటదు.